పాఠశాల గ్రంథాలయాలకు సైన్సు పుస్తకాలు – మన ఎంపిక ఎట్లుండవలెను?

(మలంచాలో జరిగిన రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సమావేశంలో మన సమాఖ్య నాయకులొకరు చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో సాధారణంగా జీతభత్యాలు, ఖాళీల భర్తీ, పింఛను, క్వార్టర్ల మరమ్మతులు చర్చకు వచ్చును. ఈనాటి కార్యక్రమంలో చివరి అంశం వేరు. మన పిల్లలు చదువుకొనే పాఠశాలల గ్రంథాలయాలకు సైన్సు పుస్తకాలు కొని ఇచ్చుటకై మన శాఖలు చందాలు వసూలు చేయ నిశ్చయించినవి. చందా వసూలు చేయుట మనకు అలవాటైన పని. 1927లో ఇచ్చటి వర్క్‌షాపు కార్మికులు సమ్మె చేసినపుడు, వి.వి. గిరి గారి వంటి నాయకులు వారికి అండగా నిలిచిన నాటినుండి ఈ ఊరికి ఆ విద్య తెలియును. అయితే వసూలైన డబ్బుతో ఏ పుస్తకం కొనవలెను, ఏది కొనరాదు అనేది మనం ఇంకను నేర్చుకొనవలసిన విద్య. దానిని గురించి నాలుగు మాటలు చెప్పవలసినదిగా నన్ను ఆదేశించినారు.

నేను ఉపాధ్యాయుడను కాను, శాస్త్రజ్ఞుడను కాను. ఈ విషయంలో ఒకసారి పొరపాటు చేసినవాడను. ఆ పొరపాటుతోనే ప్రారంభిస్తాను.

తాళం వేసిన బీరువా

కొన్నేళ్ళ క్రిందట నేను కార్యదర్శిగా ఉన్న ఒక శాఖలో ఇట్లే చందాలు వసూలు చేసినాము. ఖలాసీలు, పోస్ట్‌మన్లు కూడ తమ శక్తికొలది ఇచ్చినారు. నేను ఆ మొత్తాన్ని తీసుకొనిపోయి, ఎక్కువ తగ్గింపు ఇచ్చిన దుకాణంలో ఆంగ్ల విజ్ఞానసర్వస్వాల సంపుటాలు కొన్నాను. నున్నని కాగితం, రంగుల బొమ్మలు, గట్టి అట్టలు. ఒక పాఠశాలలో సభ జరిగినది, దండలు వేసినారు, ఫొటో తీసినారు. మూడేళ్ళ తరువాత మరేదో పనిమీద ఆ పాఠశాలకు పోయి, మన పుస్తకాలు ఎట్లున్నవని అడిగినాను. బీరువా తెరచి చూపినారు. అట్టలమీది మెరుపు తగ్గలేదు. అరువు పుస్తకం చూచితిని. అందులో నాలుగు పేర్లున్నవి, నాలుగూ ఉపాధ్యాయులవే.

ఎందుకు పిల్లలకు ఇవ్వలేదని నేను కొంచెం కటువుగానే అడిగినాను. ఆ గ్రంథాలయ బాధ్యత చూచే ఉపాధ్యాయిని నెమ్మదిగా ఇట్లన్నారు: "ఒక్క సంపుటం పోయినా సెట్టు మొత్తం చెడిపోతుందండి. లెక్క తేలకపోతే నా జీతంలో కోస్తారు. అందుకని తాళం వేశాను." ఆమె మాటకు నా దగ్గర జవాబు లేకపోయినది. జీతంలో కోత అంటే ఏమిటో మనకు వేరే ఎవరైనా చెప్పవలెనా? బయటికి వచ్చుచుండగా ఏడవ తరగతి పిల్లవాడొకడు ఎదురైనాడు. ఆ పుస్తకాలు చూచినావా నాయనా అంటే, "బొమ్మలు బాగున్నాయండి, చదవడానికి రావు" అన్నాడు.

ఆ ఇద్దరి మాటలలో నేను చేసిన తప్పు మొత్తం ఉన్నది. పుస్తకం బరువుగా ఉన్నందున ఉపాధ్యాయినికి భయం కలిగినది. భాష బరువుగా ఉన్నందున పిల్లవానికి అది అందలేదు. నేను పుస్తకాలను చదివేవారి కొరకు కొనలేదు, ఇచ్చేవారి గౌరవం కొరకు కొన్నాను. గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలలో మొదటిది, పుస్తకములున్నవి ఉపయోగించుటకే అని. రెండవది, ప్రతి పాఠకునికి అతని పుస్తకం అందవలెనని. నేను ఒక్క కొనుగోలులో ఆ రెండింటినీ ఉల్లంఘించినాను.

మలంచా పిల్లవాని భాష ఏది?

సుబోధమైన పుస్తకం కావలెను అని అందరం అంటాము. ఎవరికి సుబోధం? ఈ ఊరిలో ఆ ప్రశ్నకు జవాబు అంత సులభం కాదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెలనుండి వచ్చిన మన కుటుంబాలలో పిల్లవాడు ఇంట తెలుగు మాటలాడును. వీధిలో బెంగాలీ, మైదానంలో హిందీ, బడిలో చాలమందికి ఆంగ్లం. తెలుగు చక్కగా మాటలాడే పిల్లవాడే తెలుగు అచ్చులో వత్తులు వచ్చేసరికి ఆగిపోవును. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కలిగించుటకు రాజ్యాంగంలో 350-ఎ అధికరణం ఉన్నది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి నిచ్చుటకు నిర్ణయించినది. సంతోషమే. కాని హక్కు కాగితంమీద ఉండి, బీరువాలో చదువదగిన తెలుగు పుస్తకం లేనిచో ఆ హక్కు సగమే.

ఒక ఉదాహరణ. ఆకు తన ఆహారం తాను తయారుచేసుకొనుటను తెలుగు పాఠ్యపుస్తకం కిరణజన్య సంయోగక్రియ అనును. బెంగాలీ బడిలో సాలోకసంశ్లేష్ అందురు. ఆంగ్లంలో ఫొటోసింథసిస్. మన పిల్లవాడు ఈ మూడు పేర్లనూ కంఠస్థం చేయగలడు. మూడూ వచ్చినంత మాత్రాన ఆకు ఏమి చేయుచున్నదో తెలిసినట్లు కాదు. మంచి పుస్తకం ముందు ఆకును చూపును. దానికి చేరే నీరు, గాలి, ఎండ సంగతి చెప్పును. ఎండ లేనిచోట మొక్క ఎట్లు పాలిపోవునో చూడుమనును. ఆ తరువాత పేరు చెప్పును. చెడ్డ పుస్తకం పేరుతో మొదలిడి పేరుతోనే ముగించును. ఇది ఏ భాషకైనా వర్తించును.

తెలుగు పుస్తకమైతే సులభం, ఆంగ్ల పుస్తకమైతే కష్టం అనుకొనుట పొరపాటని నా అభిప్రాయం. ఆంగ్లంనుండి మక్కికి మక్కిగా దింపిన తెలుగు, ఆంగ్లం కంటె కఠినంగా ఉండవచ్చును. గ్రహం, విద్యుత్తు వంటి మాటలు తెలుగులోను బెంగాలీలోను ఉన్నవే గనుక మన పిల్లలకు రెండు వైపులా చుట్టాలు. అట్టి మాటలతో నడిచే చిన్న వాక్యాల పుస్తకం మలంచాలో బాగుగా నడుచును.

ఇంకొక మాట. శాస్త్రాన్ని ప్రజల భాషలో చెప్పవలెనని పట్టుబట్టినవారు మనకు రెండు వైపులా ఉన్నారు. కొమర్రాజు లక్ష్మణరావు గారు మరికొందరు పెద్దలతో కలసి 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి, చరిత్రతోపాటు శాస్త్ర గ్రంథాలను కూడ తెలుగులో వెలువరింపజేసినారు. ఇటు బెంగాల్‌లో రవీంద్రనాథ ఠాకూరు 1937లో విశ్వపరిచయ్ అనే ఖగోళ గ్రంథాన్ని సామాన్యుల కొరకు రచించి భౌతికశాస్త్రవేత్త సత్యేంద్రనాథ బోసుకు అంకితమిచ్చినారు. ఆ బోసు గారే 1948లో వంగీయ విజ్ఞాన పరిషత్తును స్థాపించినారు. మన పిల్లలు ఈ రెండు ధారలకూ వారసులు. కావున మన జాబితాలో బెంగాలీ పుస్తకాలకు కూడ చోటుండవలెను.

చక్రం అంచు నేర్పిన పాఠం

మా తండ్రిగారు ఇచ్చటి వర్క్‌షాపులో చక్రాల విభాగంలో ఫిట్టరుగా పనిచేసినారు. ఆ రోజులలో సోవియట్ ప్రచురణాలయాల పుస్తకాలు తెలుగులోను ఆంగ్లంలోను చౌకగా దొరికేవి. విశాలాంధ్ర దుకాణాలలో రెండు మూడు రూపాయలకు పిల్లల పుస్తకం వచ్చేది. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నం కాగా ఆ ధార ఎండిపోయినది. యాకోవ్ పెరెల్‌మాన్ 1913లో రష్యన్‌లో ప్రచురించిన భౌతికశాస్త్ర వినోద గ్రంథం అట్లే నా చేతికి వచ్చినది. అందులో ఒక చిత్రమైన సంగతి ఉన్నది. రైలు ఎంత వేగంగా ముందుకు పోవుచున్నను, దానిలో కొంత భాగం ప్రతి క్షణం వెనుకకు కదలుచునే ఉండునట.

నేను నమ్మలేదు. రాత్రి మా తండ్రిగారు డ్యూటీనుండి రాగానే అడిగితిని. ఆయన నవ్వి, సుద్దముక్కతో నేలపై చక్రం గీసినారు. చక్రం పట్టాను తాకేచోట ఆ క్షణానికి కదలిక లేదు. పైభాగం ముందుకు పోవును. అయితే రైలు చక్రానికి ఫ్లాంజి ఉన్నది గదా, అది పట్టా మట్టం కంటె క్రిందికి దిగియుండును. తాకేచోటు కంటె పైనున్నది ముందుకు పోయినచో, క్రిందనున్నది వెనుకకే పోవలెను. "ముప్పై ఏళ్ళుగా ఈ ఫ్లాంజి కొలతలు చూస్తున్నానురా, ఇది మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు" అన్నారు. ఆ రాత్రి మా తండ్రిగారికి పుస్తకంమీద గౌరవం కలిగినది. నాకు మా తండ్రిగారి పనిమీద గౌరవం పెరిగినది.

సోదరులారా, నేను కోరే పుస్తకం ఇటువంటిది. బిడ్డను తండ్రి దగ్గరకు, తల్లి దగ్గరకు ప్రశ్నతో పంపే పుస్తకం. అది రష్యాలో పుట్టినా, రాజమండ్రిలో పుట్టినా మనదే.

పాతబడిన పుస్తకం

మరొకవైపు, బీరువాలో ఉండదగని పుస్తకం సంగతి. మన శాఖలకు విరాళంగా వచ్చే పుస్తకాలలో చాల భాగం పాతవి. పాతది కావుననే చెడ్డది కాదు. కాని సైన్సులో పాత మాట కొన్నిసార్లు తప్పుమాట అగును.

గ్రహాలు తొమ్మిది అని ముద్రించిన పుస్తకం 2006 ఆగస్టుకు పూర్వపుది. ఆ నెలలో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ప్లూటోను మరుగుజ్జు గ్రహంగా నిర్ణయించినది. ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం ఖరగ్‌పూర్‌దే అని చెప్పే పుస్తకం మనకు ఎంతో ప్రీతిగా ఉండును. 1,072 మీటర్ల మన ప్లాట్‌ఫారంను 2013లో గోరఖ్‌పూర్, 2023లో 1,507 మీటర్లతో హుబ్బళ్ళి మించినవి. మనకు కష్టం తోచినను సరే, ఆ పుస్తకంలో దిద్దుబాటు చీటీ అంటించవలసినదే.

ఇంకొక తప్పు మరింత సూక్ష్మమైనది. వేసవిలో ఉక్కు వ్యాకోచించును గనుక పట్టాల అతుకులవద్ద ఖాళీ వదలుదురని ప్రతి పాఠ్యపుస్తకంలోను ఉండును. లెక్క సరియైనదే. 13 మీటర్ల పట్టా 40 డిగ్రీల వేడి పెరిగినచో సుమారు 6 మిల్లీమీటర్లు సాగును. కాని నేటి పిల్లవాడు ప్లాట్‌ఫారంమీద నిలబడి చూచిన, అతుకు కనుపించదు, ఖాళీ కనుపించదు. మన ప్లాట్‌ఫారం పొడవున్న పట్టాను స్వేచ్ఛగా వదలినచో అదే వేడికి దాదాపు అరమీటరు సాగవలెను గదా, అది ఏమైనది? పుస్తకం అబద్ధమాడినదా? లేదు. పొడవుగా వెల్డింగు చేసిన పట్టాను స్లీపర్లు, కంకర గట్టిగా బిగించి పట్టుకొనును. సాగలేని పట్టా ఆ ఒత్తిడిని లోపలనే భరించును. చివరలయందు మాత్రమే కదలికకు ప్రత్యేకమైన అతుకు ఉండును. వేసవి మధ్యాహ్నం మన ట్రాక్‌మన్ సోదరులు పట్టా వంగినదేమోనని కాపలా తిరుగుట ఆ ఒత్తిడి మూలంగానే. ఈ సంగతి పుస్తకంలో లేకున్న, దానిని చెప్పగల మనిషి ఈ సభలోనే ఉన్నాడు.

అన్నిటికంటె ముఖ్యం, ప్రాణానికి హాని చేసే పాత మాటలు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణ మార్గం తెలుగు నేల మీదుగా పోయినది. 1995 అక్టోబరు 24న మన రాష్ట్రంలోని డైమండ్ హార్బర్‌లో సంపూర్ణ గ్రహణం కనుపించినది. ఆనాడు మా వీధిలో తలుపులు మూసుకొన్నవారే ఎక్కువ. భయం వద్దని చెప్పే పుస్తకాలు కావలెను, నిజమే. కాని మసిపట్టిన గాజుముక్కతోనో, పాత ఫొటో ఫిల్ముతోనో సూర్యుని చూడుమని పాత పుస్తకాలు కొన్ని చెప్పును. అది కంటికి ప్రమాదకరం. అట్టి పుటను ఉంచరాదు. సూదిబెజ్జం గుండా కాగితంమీద సూర్యబింబాన్ని పడవేసి చూచు పద్ధతి చెప్పిన పుస్తకం ఉంచదగినది.

అయిదు పరీక్షలు

కొనుటకు ముందు ప్రతి పుస్తకాన్ని అయిదు విధాల పరీక్షింపుడని నా మనవి.

ఒకటి, వ్రేళ్ళ పరీక్ష. ఏ తరగతి కొరకు కొనుచున్నామో ఆ తరగతి పిల్లవాని చేత ఒక పుట చదివించుడు. తెలియని మాట వచ్చినపుడెల్ల ఒక వ్రేలు ముడువుమనుడు. పుట ముగియకముందే అయిదు వ్రేళ్ళు ముడుచుకొన్నచో, ఆ పుస్తకం అతడొక్కడే చదువుకొనదగినది కాదు.

రెండు, చేతి పరీక్ష. ఇంటిలోనున్న సీసా, కొవ్వొత్తి, గుండుసూది, దారం వంటివాటితో చేసి చూడదగినది ఏదైనా ఉన్నదా? ప్రయోగశాల లేని బడిలో ఇటువంటి పుస్తకమే ప్రయోగశాల.

మూడు, ఎట్లు తెలిసినది అనే పరీక్ష. భూమి గుండ్రంగా ఉన్నదని అన్ని పుస్తకాలూ చెప్పును. చంద్రగ్రహణంలో చంద్రునిపై పడే భూమి నీడ అంచు ఎల్లప్పుడు వంపుగానే ఉండునని చెప్పే పుస్తకం మేలైనది. మొదటిది నమ్ముమనును, రెండవది చూడుమనును. శాస్త్రీయ దృష్టిని పెంపొందించుకొనుట పౌరుల ప్రాథమిక విధులలో ఒకటిగా 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరినది. దానికి మార్గం ఈ రెండవ పద్ధతియే. పురాణకథలను సైన్సు పేరుతో అచ్చువేసిన పుస్తకాలు కూడ వచ్చుచున్నవి. పురాణాన్ని పురాణంగా చదువుకొందము. దానిని సైన్సు బీరువాలో పెట్టుట రెండింటికీ అన్యాయం.

నాలుగు, సంవత్సరం పరీక్ష. ముద్రణ సంవత్సరం, కూర్పు చూడుడు. పైన చెప్పిన గ్రహాలు, గ్రహణం పుటలు తెరచి చూచినచో చాలవరకు తేలిపోవును.

అయిదు, ముఖపరీక్ష. బొమ్మలలో ప్రయోగం చేయువారందరూ తెల్లకోటు వేసిన పురుషులేనా? మన ఆడపిల్ల తన వంటి ముఖం ఆ పుటలలో ఎక్కడైనా చూడగలదా? అక్షరం పెద్దదా? సాయంకాలం మసక వెలుతురులో, చూపు తక్కువైన బిడ్డ కూడ చదువగలదా?

ఈ పరీక్షలకు నిలువగల తెలుగు పుస్తకాలు లేకపోలేదు. జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసిన మహీధర నళినీమోహన్ గారు గ్రహణాల కథ, క్యాలెండర్ కథ, పిడుగు దేవర కథ వంటి పుస్తకాలను పిల్లల కొరకు వ్రాసినారు. పై తరగతులవారికి నండూరి రామమోహనరావు గారి విశ్వరూపం, నరావతారం ఉన్నవి. మొదటిది విశ్వాన్ని గురించి, రెండవది మానవ పరిణామాన్ని గురించి. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదవ తరగతి పుస్తకంనుండి జీవపరిణామ పాఠాన్ని తొలగించిన తరువాత నరావతారం వంటి పుస్తకం అవసరం పెరిగినది. పాఠ్యపుస్తకం విడిచిపెట్టినదానిని నిలుపుకొనుట గ్రంథాలయం పని. ఇవి కొన్ని దశాబ్దాల నాటి రచనలు గనుక వీటికి కూడ నాలుగవ పరీక్ష తప్పదు. జనవిజ్ఞాన వేదిక వెలువరించే చెకుముకి పత్రిక, సికింద్రాబాదు మంచి పుస్తకం వారి ప్రచురణలు, నేషనల్ బుక్ ట్రస్టు పిల్లల పుస్తకాలు కూడ పరిశీలింపదగినవి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ ద్వారా తెలుగు, బెంగాలీ, ఆంగ్ల భాషలలో పిల్లల పుస్తకాలు ఉచితంగా లభించును. వాటిని ముద్రించి కుట్టుకొనవచ్చును.

రెండు ఆక్షేపణలు

అన్నీ ఫోనులో ఉన్నవి గదా, పుస్తకం ఎందుకు అని కొందరు యువ సోదరులు అడుగుచున్నారు. ఫోను తండ్రిది. తండ్రి డ్యూటీకి పోగానే ఫోను కూడ పోవును. అదియుగాక, ఫోను జవాబును వెంటనే ఇచ్చును, ప్రశ్నతో ఒక రాత్రి గడుపనివ్వదు. ఆంగ్లం వచ్చిననే ఉద్యోగం, తెలుగు పుస్తకం దేనికి అని మరికొందరు తల్లులు అడుగుచున్నారు. వారి ఆందోళన న్యాయమైనది. ఆంగ్ల పుస్తకాలూ కొందము, పలుచనివి, అయిదు వ్రేళ్ళ పరీక్షకు నిలిచినవి. కాని ప్రశ్న ముందు పుట్టునది ఇంటి భాషలోనే. ఇంటి భాషలో అడుగ నేర్చినవాడు మరే భాషలోనైనను అడుగగలడు.

మన చేతిలోని పని

ముగింపుగా నాలుగు ప్రతిపాదనలు మీ ముందుంచుచున్నాను.

మొదటిది, ఒక ఖరీదైన సెట్టుకు బదులు అదే డబ్బుతో నలభై, యాభై పలుచని పుస్తకాలు కొనవలెను. ఒకటి పోయినను తక్కినవి మిగులును.

రెండవది, ఎంపిక సంఘంలో ఇద్దరు ఉపాధ్యాయులు, ఇద్దరు తల్లులు, ఒక కార్మికుడు, వారితోపాటు తప్పక ఇద్దరు పిల్లలు ఉండవలెను. పిల్లలు వద్దన్న పుస్తకం కొనరాదు.

మూడవది, తపాలా సోదరుల పని. విద్యా పుస్తకాల కొరకు తపాలా శాఖ 2025 మే 1న జ్ఞాన్ పోస్ట్ సేవను ప్రారంభించినది. ప్రారంభంలో ప్రకటించిన రేట్లు 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పన్నులు అదనం. హైదరాబాదు, విజయవాడలనుండి పుస్తకాలను ఆ మార్గాన తెప్పించు బాధ్యత తపాలా శాఖ మిత్రులు వహింపవలెను.

నాలుగవది నాకు అన్నిటికంటె ముఖ్యం. పోయిన పుస్తకం మన లెక్క. చిరిగినను, పోయినను, వాననీటిలో తడిసినను శాఖయే మరొక ప్రతి కొని ఇచ్చునని పాఠశాలకు వ్రాతపూర్వకంగా తెలుపుదము. దానకర్తలముగా మనమీ మాట వ్రాసి ఇచ్చిన, ఏ ఉపాధ్యాయినియు తన జీతం కొరకు భయపడి బీరువాకు తాళం వేయనక్కరలేదు. ఏడాది చివర ఒక్క పుస్తకమైనను పోలేదని లెక్క వచ్చినచో సంతోషింపవద్దు. పిల్లలు వాటిని ముట్టుకొనలేదేమోనని విచారింపుడు.

నేను ఆనాడు కొన్న సంపుటాలు ఇంకను ఆ బీరువాలో మెరయుచునే ఉండవచ్చును. ఈసారి మనం కొనే పుస్తకాల అట్టలు ఊడిపోవలెను, మూలలు నలిగిపోవలెను, పుటలమీద పసుపు మరకలు, ఇంజను నూనె మరకలు పడవలెను. ఆ పుస్తకం ఇంటికి పోయినదని, తల్లి చేతిలోను తండ్రి చేతిలోను పడినదని అవే సాక్ష్యం.

ఈ ప్రతిపాదనలను మీరు చర్చించి, లోపాలను సవరించి, ఆమోదింపవలసినదిగా ప్రార్థించుచు సెలవు తీసుకొనుచున్నాను.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!